సీలు తెంచిన ఇంజిను

నార్త్ కరొలైనా కొండల అంచున ఉన్న మట్టి ట్రాకులో రేసుకార్లను తనిఖీ చేసేది వెర్లిన్ టట్టిల్. అంతకుముందు చాలాకాలం హోయ్ట్ సిగ్మన్ షెడ్డులో రేసు ఇంజిన్లు తయారుచేశాడు. సిలిండరు గోడకు వేలు ఆనించి అరుగుదల చెప్పడం, చప్పుడు విని లోపం పట్టడం హోయ్ట్ నేర్పిన విద్యలే.

ఇంజిన్ల ఖర్చు భరించలేక పోటీదారులు తగ్గిపోతూ ఉండడంతో, ఇకపై ఎవరూ విప్పకుండా ఫ్యాక్టరీలో సీలు వేసిన చవక ఇంజిన్లే వాడాలని నియమం పెడదామా అని ట్రాకు యజమాని వెర్లిన్‌ను అడిగాడు. వెర్లిన్ ఆలోచించి, "పెట్టండి" అన్నాడు. అది సబబేనని అతనికి ఇప్పటికీ నమ్మకం. కోళ్ళ ఫారాల్లో పనిచేసేవాళ్ళు కూడా మళ్ళీ పోటీకి రాసాగారు. హోయ్ట్ షెడ్డు మాత్రం ఇంజిన్ల పని పోయి గడ్డికోత యంత్రాల మరమ్మతుకు దిగింది. ఆ సలహా తనదేనని వెర్లిన్ అతనికి చెప్పలేదు. చర్చిలో హోయ్ట్ పక్కన కూర్చున్న ప్రతి ఆదివారం అతనికి పాటల పుస్తకంలో ముఖం దాచుకోవాలనిపించేది.

ఆ శనివారం హోయ్ట్ సిద్ధం చేసిన కారుతో అతని కూతురు డార్లా గెలిచింది. ఆనవాయితీ ప్రకారం, రెండో స్థానంవాళ్ళు చుట్టూ నిలబడి చూస్తుండగా వెర్లిన్ గెలిచిన ఇంజిను తనిఖీకి వంగాడు. ఫ్యాక్టరీ సీలుగా బిగించే బోల్టుల్లో ఒకటి నకిలీది; అంటే ఇంజిను ఎవరో విప్పారు.

"ఎంతసేపు బాబాయ్? అవతల బార్బెక్యూ చల్లారిపోతోంది!" అంది డార్లా.

"గురువుగారి ఇంజిను కదా, చూపు ఆనట్లేదేమో!" అని రెండో కారు మెకానిక్ ఎకసెక్కమాడాడు.

వెర్లిన్ హోయ్ట్‌ను పక్కకు పిలిచాడు. "అన్నా, ఇది తెరిచావా?"

"తెరిచాను. వాల్వ్ స్ప్రింగు విరిగి టిక్కుటిక్కుమంటుంటే వింటూ ఎలా కూర్చోనురా? కొత్తది వేసి మూసేశా. అంతకుమించి వేలు పెట్టలేదు."

"తెలుసన్నా."

తెలియడమే అతని కష్టం. తెరిస్తే గెలుపు చెల్లదు. ఎందుకు తెరిచావని నియమం అడగదు. ఆ బోల్టును పోల్చగలిగిన కళ్ళు అక్కడ అతనివి తప్ప వేరే లేవు. చూడనట్టు లేచిపోతే హోయ్ట్ రుణం కొంతైనా తీరుతుంది. కానీ చుట్టూ ఉన్నవాళ్ళు ఆ నియమాన్ని నమ్మే వచ్చారు.

"డార్లా గెలుపు చెల్లదు," అన్నాడు అందరికీ వినిపించేలా.

డార్లా చేతితొడుగు నేలకేసి కొట్టింది. "మా ఇంట్లో తిని పెరిగావు బాబాయ్!"

"ఊరుకోవే. వాడు సరిగ్గానే చూశాడు," అన్నాడు హోయ్ట్.

ఆ నెమ్మదిని వెర్లిన్ భరించలేకపోయాడు. "అన్నా, ఈ రూలు పెట్టమన్నది నేనే."

హోయ్ట్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "రూలు పెట్టిన రోజే ట్రాకు యజమాని చెప్పాడు. నీ నోటితో ఎప్పుడు చెబుతావా అని చూస్తున్నా."

ఏ తప్పుకు క్షమాపణ కోరాలో వెర్లిన్‌కు తేలేలోగా హోయ్ట్ తన ట్రక్కు వైపు నడిచాడు. వెర్లిన్ నాలుగడుగులు వెంట వెళ్ళి ఆగిపోయాడు. ఇప్పుడు గెలుపు రెండో కారుది. దాని ఇంజిను చూడాల్సి ఉంది.