మచ్ఛర్ చచ్చిన శుక్రవారం

మా అన్నకు చూపు అంచుల నుంచి పోతూ వచ్చింది. మొదట్లో చీకట్లో తడుముకునేవాడు. తర్వాత పట్టపగలే పక్కన నడిచేవాళ్ళను గుద్దుకునేవాడు. పెద్దాసుపత్రి కంటి డాక్టరు దీపం పెట్టి చూసి, లోపలి పొర ఎండిపోతున్నదని, దీనికి అద్దాలూ లేవు, ఆపరేషనూ లేదని చెప్పాడు. ఎదురుగా ఉన్నది మాత్రం అన్నకు కనబడేది, గొట్టంలోంచి చూసినట్టు. ఆ గొట్టం ఎంత ఇరుకయిందని అడిగితే, "మంచిగనే ఉన్నది" అనేవాడు.

నాన్న కంచన్‌బాగ్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. కొడుకును కూడా అక్కడే పనిలో పెట్టాలని ఆయన ఆశ. డాక్టరు మాట విన్న రోజు నుంచి ఆయన ఆ సంగతి ఎత్తలేదు. అమ్మ మాత్రం డాక్టరు మాటను చివరి మాటగా తీసుకోలేదు. ప్రభువు గుడ్డివాళ్ళ కళ్ళు తెరిచిన సంగతులు చిన్నప్పటి నుంచి విన్న మనిషి. మొఘల్‌పురాలో మా గల్లీ చివర ఒకరింట్లో ప్రతి శుక్రవారం ఉపవాస ప్రార్థన జరిగేది. అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా పొద్దుటి నుంచి అక్కడ మోకాళ్ళ మీద ఉండేది. ఒకటే మనవి, కొడుకు కళ్ళు.

నేనూ అదే అడిగేదాన్ని. అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను.

మా సంఘంలో చదువు వచ్చినవాళ్ళు తక్కువ. పాటల పుస్తకం ఒక్కరి చేతిలోనే ఉండేది. ఆ ఒక్కరు చరణాన్ని మాటగా అందిస్తే, మిగతావాళ్ళు దాన్ని రాగంలో ఎత్తుకునేవాళ్ళు. బడికి పోయే పిల్లనని ఆ పని నాకు ఇచ్చారు. మొదట్లో ఆలస్యంగా అందించేదాన్ని. పాట తెగిపోయేది. "ముందుగాల్నే అందియ్యాలె బిడ్డా," అని అమ్మ నేర్పింది. "వాళ్ళ గొంతు ఆగకముందే నీ మాట చేరాలె." అమ్మకు అక్షరం రాదు. కానీ ఏ చరణం తర్వాత ఏది వస్తుందో ఆమెకు తెలిసినంతగా పుస్తకానికి కూడా తెలియదేమో. అన్న డోలక్ వాయించేవాడు. తల కొంచెం పక్కకు వంచి, గడ్డం దించి, నా మాట కోసం చెవి పెట్టేవాడు.

ఆ ఎండాకాలం చార్మినార్ దగ్గర గాజుల దుకాణాల వెనక గల్లీలో వీడియో గేముల దుకాణం తెరిచారు. బీరువాల్లాంటి మిషన్లు గోడ పొడుగునా నిలబడి ఉండేవి. లోపల లొల్లి, బయట పిల్లల తోపులాట. అన్న ఆడే ఆటలో మన విమానం కింద ఉంటుంది, పైనుంచి శత్రువులు దిగుతారు. అందరినీ కూల్చాక ఆఖరున ఒక వెండి రంగు పురుగు వస్తుంది. అది క్షణం ఒక చోట నిలవదు. ఇటు గురిపెడితే అటు దూకుతుంది. తెర అంచులో మాయమై రెండో అంచులో తేలుతుంది. పొట్ట ఎర్రగా తెరుచుకున్నప్పుడు కొడితేనే చస్తుంది. పిల్లలు దానికి మచ్ఛర్, అంటే దోమ, అని పేరు పెట్టారు. ఆ దుకాణంలో ఎవరూ దాన్ని చంపలేదు.

అన్న రోజూ దాని ముందే నిలబడేవాడు. దుకాణం నడిపే భాయ్ నవ్వేవాడు.

"క్యా మియా, మళ్ళా మచ్ఛర్‌తోని కుస్తీనా? అది నీకేమన్న సుట్టమా?"

"బావమర్ది, భాయ్. చేతికి చిక్కుతలేడు."

ఎందుకంత పట్టుదలో నాకు తెలుసు. అది దూకేది అంచుల్లోకి. అన్నకు లేనివి అంచులే. దాన్ని కొడితే కళ్ళు ఇంకా ఉన్నట్టు. నేను పక్కన నిలబడి కేకలు పెట్టేదాన్ని. "ఎడమ! కాదు, కుడి! అన్నా, పైకి!"

"పిల్లా, నువ్వు చెప్పేవరకు అది నాంపల్లి దాటిపాయె," అనేవాడు, విమానం పేలిపోతుంటే.

కొన్నాళ్ళకు ఒక కొత్త అలవాటు చేశాడు. వేరే రోజులు మానేసి, శుక్రవారం మధ్యాహ్నమే పోదామనేవాడు. ఆ వేళకు భాయ్ జుమ్మా నమాజుకు తయారవుతాడు. పిల్లలను పంపేసి, మిషన్లు ఒక్కొక్కటీ ఆపేసి, వెనక నల్లా దగ్గర కాళ్ళూ చేతులూ కడుక్కుంటాడు. అన్న ఆడే మిషన్‌ను మాత్రం చివరిదాకా ఉంచేవాడు. "జల్దీ కానియ్యి బేటా, తాళమేస్త." దుకాణం ఖాళీగా ఉంటుంది, అందుకే ఈ వేళ ఎంచుకున్నాడని నేను అనుకున్నాను.

ఆ శుక్రవారం అన్న నాతో, "ఇయ్యాల నువ్వేం చెప్పకు. నోరు తెరవకు," అన్నాడు.

మిషన్లు ఒక్కొక్కటీ నిశ్శబ్దమయ్యాయి. వెనక నల్లా నీళ్ళ చప్పుడు. మచ్ఛర్ దిగింది. అన్న తల కొంచెం పక్కకు వంచి, గడ్డం దించి ఉన్నాడు. పెదవులు బిగించి ఉన్నాయి. మచ్ఛర్ ఎడమకు దూకితే, అన్న విమానం దాని కన్నా ముందే అక్కడ ఉంది. కుడికి దూకితే కుడిన ఉంది. అన్నకు అంచులు కనబడుతున్నాయి! అరవకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు చూశాను, గుమ్మంలో అమ్మ. ఊళ్ళ నుంచి ఒక దైవజనుడు ప్రార్థన జరిగే ఇంటికి వచ్చాడు, అన్న తల మీద నూనె పోసి ప్రార్థిస్తాడు. అందుకని అన్నను పిలుచుకుపోవడానికి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కుని, లోపల అడుగు పెట్టాలా వద్దా అని నిలబడింది.

పొట్ట ఎర్రగా తెరుచుకుంది. అన్న బటన్ నొక్కాడు. తెరంతా తెల్లగా పేలింది.

భాయ్ తడి గడ్డంతో పరుగెత్తుకొచ్చాడు. "అరే వాహ్! మచ్ఛర్ మర్ గయా! అమ్మా, నీ కొడుకువి గద్ద కండ్లు!"

అమ్మ తెరను చూసింది, అన్నను చూసింది. "నిజంగ కొట్టిండా భాయ్? అది మస్తు ఉరుకుతదంట గదా?"

"ఉరుకుడా? నా కండ్లకే చిక్కదమ్మా!"

అమ్మ అన్న మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుంది. ఏడుస్తోంది, నవ్వుతోంది. పొద్దుటి నుంచి మోకాళ్ళ మీద అడిగింది, ఆ గంటలోనే దొరికింది. అన్న, "అమ్మా, జర ఆగు..." అన్నాడు.

"ఈడ ఒద్దు. ఏం చెప్పినా ఆడ్నే చెప్పు."

అది మా పద్ధతి. ప్రార్థనకు జవాబు వస్తే సాక్ష్యం ఆ రోజే సంఘంలో చెప్పాలి. దాచుకుంటే దేవుని మహిమను దొంగిలించినట్టు. ఆ ఎండలో అమ్మ అన్న చెయ్యి పట్టుకుని దాదాపు పరుగు పెట్టించింది. దారంతా అన్న ఏదో అనబోతూనే ఉన్నాడు. నేను వెనక గంతులేస్తూ వచ్చాను.

గదినిండా ఆడవాళ్ళు. అమ్మ నిలబడే చెప్పింది. "మనం అడిగినం. దేవుడు ఇచ్చిండు. నా కండ్లతోని నేను చూసిన." స్తోత్రం, స్తోత్రం అని గది మోగింది. దైవజనుడు అన్న భుజం మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పు బిడ్డా," అన్నాడు.

అన్న కిటికీ వెలుతురు వైపు మొహం పెట్టి నిలబడ్డాడు.

"నేను చూడలే. విన్న."

ఎవరికీ అర్థం కాలేదు.

"తక్కినయి రోజూ ఒక్క తీరుగనే దిగుతయి, చేతికే యాదికున్నయి. మచ్ఛర్ మర్లేటప్పుడు చప్పుడు చేస్తది. ఎడమకు పోయేముందు ఒక తీరు, కుడికి పోయేముందు ఒక తీరు. పొట్ట తెరిస్తే జుమ్మంటది. తక్కిన మిషన్లు బందయితేనే వినబడ్తది. గందుకే శుక్రారం పోయేది." అమ్మ గొంతు వచ్చిన వైపు తిరిగాడు. "అమ్మా, దేవుని ముందట అబద్ధ సాక్ష్యం ఎట్ల చెప్పాలె?"

"మరి తెర?" అంది అమ్మ. "తెర కనబడ్తది గదా?"

"తెల్లగ ఉంటది. గంతే."

"ఎదురుంగున్నది కనబడ్తదంటివి?"

"మట్టలాదివారం నాడు నీ మొఖం చూసినమ్మా. గదే ఆఖరు."

మట్టలాదివారం, ఈస్టరుకు ముందటి ఆదివారం, పోయి ఎన్నో వారాలయింది. అన్ని వారాలూ అన్న నా భుజం పట్టుకుని మా మధ్య తిరిగాడు, అన్నం తిన్నాడు, డోలక్ వాయించాడు, మంచిగనే ఉన్నదన్నాడు.

దైవజనుడు మెల్లగా, "పాట పాడుదాం," అన్నాడు. పుస్తకం నా ఒళ్ళో ఉంది. చరణం కళ్ళ ముందే ఉంది. నేను అన్న మొహమే చూస్తున్నాను. ఆడవాళ్ళు నా వైపు చూస్తూ ఎదురుచూశారు. అప్పుడు అమ్మ అందించింది. పుస్తకం లేకుండా, నిలబడినచోటే, ఒక్కో మాటా తెగిపోతూ. అన్న చెయ్యి నేల మీద తడిమి డోలక్‌ను దొరకబుచ్చుకుంది. అందరూ ఎత్తుకున్నారు. పాట అయ్యాక దైవజనుడు అన్న తల మీద నూనె పోసి ప్రార్థించాడు. అమ్మ ఆమేన్ అంది. ఆ ఆమేన్ నాకు ఇప్పటికీ వినబడుతుంది. అందులో తిరుగుబాటు లేదు. సంతోషమూ లేదు.

సాయంత్రం అయినా అమ్మ ఉపవాసం విడవలేదు. "జర నడుద్దాం రండి," అని మమ్మల్ని గాజుల దుకాణాల వైపు తీసుకుపోయింది. ఆటల దుకాణం తెరిచి ఉంది. మిషన్లన్నీ మోగుతున్నాయి, పిల్లలు అరుస్తున్నారు. అమ్మ గుమ్మం దగ్గర ఆగింది.

"ఏది బిడ్డా, దాని చప్పుడు?"

అన్న తల వంచి కాసేపు విన్నాడు. "గీ లొల్లిల వినబడదమ్మా. శుక్రారం రావాలె."

తర్వాతి శుక్రవారం అమ్మ ప్రార్థన మధ్యలో లేచి మాతో వచ్చింది. భాయ్ మిగతా మిషన్లు ఆపేసి వెనక్కి వెళ్ళాడు. మచ్ఛర్ దిగింది. అమ్మ అన్న భుజానికి భుజం ఆనించి నిలబడి, కొంగు మొహం మీదికి లాక్కుని కళ్ళు మూసుకుంది.

"ఎడమకు," అంది.

"కాదమ్మా. కుడికి."

మచ్ఛర్ కుడికి దూకింది. అమ్మ కళ్ళు తెరవలేదు.

"మల్లొకసారి విననియ్యి బిడ్డా," అంది.