దేవరాజన్న ఏసీ పాటలు

దేవరాజన్న ఏసీ మెకానిక్. ఊరు నరసాపురం పక్కన. షార్జాలో మేముండే రోలా ఏరియాలో ఏ బిల్డింగు మెట్ల మీద నిలబడినా, పైన ఏ ఫ్లాట్‌లో కంప్రెసర్ మూలుగుతోందో, ఇంకెన్ని రోజులు బతుకుతుందో చెవితోనే చెప్పేవాడు. చెప్పిన రోజుకే అది పోయేది. ఆ చెవిని చూసుకునే ఆయనకు ఇంకో పిచ్చి పట్టింది. పాటల మాస్టరింగ్.

అదేం పనో నాకు తెలిసినంతలో చెబుతాను. నేను ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మానేసి వచ్చి లాండ్రీ పికప్ నడుపుతున్నవాణ్ని. అంతకంటే లోతుగా నన్నడగొద్దు. పాడేవాళ్లు పాడతారు, వాయించేవాళ్లు వాయిస్తారు, అన్నీ కలిపేస్తారు. ఆఖర్న ఒకడు కూర్చుని పాట మొత్తానికి ఇస్త్రీ చేస్తాడు. ఎక్కడ ముడత పడిందో, ఎక్కడ ఉబ్బిందో చూసి సాపు చేస్తాడు. అదే మాస్టరింగ్.

ఆయన స్టూడియో అంటే పడగ్గదిలో ఓ మూల. బల్ల, కంప్యూటరు, రెండు స్పీకర్లు, చప్పుడు లోపలికి రాకుండా గోడలకు మేకులు కొట్టి వేలాడదీసిన నాలుగు రజాయిలు. అదే ఫ్లాట్ హాల్లో నాది బెడ్‌స్పేస్, అంటే అద్దెకు ఒక మంచం చోటు. కాబట్టి ఆ పాటలన్నీ నేను అడక్కుండానే విన్నాను.

2014 ఆగస్టులో ఆయనకు పెద్ద పని తగిలింది. ఆయన భార్య రేచెలక్క ఆసుపత్రిలో నర్సు. ఆమె, తోటి నర్సులు కలిసి ఎనిమిది క్రిస్మస్ పాటలు పాడారు. కీబోర్డూ, వెనక వంతపాటా వాళ్ల ప్రార్థనకు వచ్చే బ్లెస్సన్‌వి. డిసెంబరులో ప్రార్థన హాల్లో సీడీ విడుదల. సరిగ్గా అప్పుడే రేచెలక్క వాళ్లమ్మ మాణిక్యమ్మగారు విజిట్ వీసా మీద వస్తున్నారు. ఆ గదిలో ఆవిడకు మంచం పట్టే చోటు ఒక్కటే ఉంది. బల్ల ఉన్న చోటు.

“చూడండి,” అంది రేచెలక్క. “మా పాటలు హాల్లో బాగున్నాయన్నారా, మీ బల్ల ఉంటది, అమ్మకి కింద పరుపేస్తాను. బాలేదన్నారా, ఖలాస్. బల్ల అమ్మేసి మంచం కొంటాను.”

“నా చెవి మీద నమ్మకం లేదా రేచెల్?”

“చెవి మీదుంది. మీ మీదే లేదు.”

అన్న రెండు నెలలు ఆ పాటల మీద పడి దొర్లాడు. ప్రతి పాటలోనూ అడుగున ‘గుమ్‌మ్’ అని ఏదో చప్పుడు ఉందని తేల్చాడు. “బ్లెస్సన్ గాడి కీబోర్డు గోల తమ్ముడూ. ఆడి వైర్లన్నీ చెత్త” అని, ఆ గుమ్‌మ్ ఉన్న చోటల్లా పాటలో అడుగు శబ్దాన్ని కోశాడు. పోలేదు. ఇంకా కోశాడు. డోలక్ పోయింది, గిటారు సగం పోయింది, బ్లెస్సన్ గొంతయితే అడ్రసు లేదు. గుమ్‌మ్ మాత్రం కదల్లేదు. చివరికి ఆయనే రాజీపడ్డాడు. “పోనీలే, కాస్త ఉంటేనే నిండుగా ఉంది.”

ఆయన పద్ధతి ప్రకారం ఆఖరి పరీక్ష నా పికప్‌లో. పక్క ఎమిరేట్ ఉమ్ అల్ క్వైన్‌లో ఒక లేబర్ క్యాంపుకు బట్టలు దించడానికి పోతుంటే పక్కన ఎక్కి కూర్చుని పాటలు పెట్టాడు. బయట ఎండ మాడుస్తోంది. నా పికప్ ఏసీ విమానంలా మోగుతోంది.

“ఎలా ఉంది తమ్ముడూ?”

“మంచిగనే ఉందన్నా.”

ఆ ఒక్క ముక్క నమ్మి సీడీలు అచ్చుకిచ్చేశాడు.

విడుదలకు రెండు రోజుల ముందు మాణిక్యమ్మగారు దిగారు. గదిలోకి అడుగుపెడుతూనే, “అమ్మో, చలి!” అని ఏసీ ఆపేశారు. 2011లో బిగించినప్పటి నుంచి ఆ ఏసీ ఆగడం అదే మొదటిసారి.

“ఏదీ, మా అమ్మాయి పాట పెట్టండి అల్లుడుగారూ.”

పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు. తెరిచారు.

“పాడేది మనుషులేనా అండీ? దోమలు పాడినట్టుందేంటి?”

అన్న ఏసీ వైపు చూశాడు. లేచి వేశాడు. పాట నిండుగా ఉంది. ఆపాడు. దోమలు. మళ్లీ వేశాడు, మళ్లీ ఆపాడు. ఆ తర్వాత నేల మీద కూలబడ్డాడు.

“తమ్ముడూ, గుమ్‌మ్ బ్లెస్సన్‌ది కాదురా. మన ఏసీది.”

ఊరందరి కంప్రెసర్లూ వినే మనిషి! నాకు నవ్వాగలేదు. “పాట ఆపినంక గూడ సప్పుడు ఆగదు గదన్నా. అనుమానం రాలేదా?”

“పాట ఆపితే టీకెళ్లిపోయేవాణ్ని.”

విడుదల రోజు సాయంత్రం చల్లగా ఉంది. హాలు కిటికీలన్నీ తెరిచి, ఏసీలన్నీ ఆపేశారు. దేవరాజన్న కోటూ టై వేసుకుని, చేతిలో పానాల సంచీతో వచ్చాడు. నేరుగా హాలు కాపలా చూసే నాతూర్ దగ్గరికి పోయాడు.

“భాయ్, ఏసీ చలావో. ఫుల్.”

“సర్దీ మే? పాగల్ హో క్యా?” చలికాలంలో ఏసీ ఏంటని వాడు విస్తుపోయాడు.

“సర్వీస్ టెస్టింగ్ హై. యల్లా, జల్దీ!”

సంచీ చూసి నాతూర్ నమ్మాడు. అన్న కిటికీలు మూయించి, ఆరు ఏసీలు ఒకేసారి వేయించాడు. గుమ్‌మ్ అంది హాలంతా. మొదటి పాట ఎంత నిండుగా వచ్చిందంటే, లేని తన గొంతు వినబడిందని బ్లెస్సన్ కళ్లు తుడుచుకున్నాడు. మూడో పాటకు చీరకొంగులు చెవులకెక్కాయి. ఐదో పాటకు మాణిక్యమ్మగారు మంకీ క్యాప్ పెట్టుకున్నారు. పాస్టరుగారి పళ్లు టకటకలాడి, ఆమెన్ మూడో ప్రయత్నానికి గాని బయటికి రాలేదు. జనం చప్పట్లు ఆపకుండా కొట్టారు. వెచ్చదనం కోసమేనని నా అనుమానం. అయినా, “చాలా బాగుందండీ” అనకుండా ఒక్కరూ బయటికి పోలేదు.

ఇంటికొచ్చాక రేచెలక్క చెప్పులైనా విప్పకుండా అంది: “అందరూ బాగుందన్నారు. మాట మాటే, బల్ల ఉంటది. కానీ అమ్మ నాకంతా చెప్పింది. ఏసీ కట్టేసి ఎనిమిదీ మళ్లీ చెయ్యండి.”

కొత్తవి తయారయ్యేలోగా సీడీ కొన్నవాళ్లు ఫోన్లు చేస్తే అన్న ఒకటే సలహా ఇచ్చేవాడు. “ఏసీ వేసుకుని వినండి.”

విడుదల మర్నాడే మళ్లీ పని మొదలుపెట్టాడు. ఏసీ ఆపాడు. రోలా హారన్లకు కిటికీ మూశాడు. నాలుగు రజాయిల మధ్య గది డిసెంబరులోనూ ఇడ్లీపాత్రలా అయింది. అన్న లుంగీ మీద కూర్చుని చెమటలు కక్కుతుంటే, మాణిక్యమ్మగారికి జాలేసి, వెనక స్టూలు వేసుకుని అట్టపెట్టె ముక్కతో విసరడం మొదలుపెట్టారు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

పావుగంటకు అన్న భృకుటి ముడిపడింది. “అత్తయ్యగారూ, ఈ పాటలో ఏదో సుయ్‌సుయ్‌మంటోందండీ. ఆ బ్లెస్సన్ గాడే. ఉండండి, కోసేస్తాను.”

విసురు ఆగింది.

“మౌసు మీంచి చెయ్యి తియ్యండి అల్లుడుగారూ,” అన్నారావిడ. “అది నేను.”