మా నాయనమ్మ మతిమరుపు

నా చిన్నప్పుడు ఒక మిరపకాయ కాలంలో మా నాయనమ్మకు మతిమరుపు వచ్చిందని నేను గట్టిగా నమ్మాను. నిన్న విన్నది ఇవాళ గుర్తుండేది కాదు, పొద్దున విన్నది అన్నం వేళకు గుర్తుండేది కాదు. అంతకుముందు ఆవిడ అలాంటి మనిషి కాదు. ఎవరు ఏ సాలు కోశారో, ఎవరు కాయతో పాటు కొమ్మ కూడా విరిచారో సాయంత్రం దాకా గుర్తుపెట్టుకుని మరీ తిట్టేది. అలాంటిది ఇలా అయిపోయిందేమిటా అని నాకు బెంగ. బెంగ కన్నా నామోషీ ఎక్కువనుకోండి.

మాది నల్లపాడు దాటాక బాగా లోపలికి ఉండే ఊరు. పత్తి, మిరప తప్ప మరో మాట వినపడని నేల. మా నాయనమ్మ కూలీల ముఠాకి మేస్త్రి. పొద్దున్నే వీధి మొదట్లో నిలబడి ఒక్క కేక వేస్తే ఆడవాళ్లంతా క్యారేజీలు పట్టుకుని ట్రాక్టరు దగ్గరికి వచ్చేసేవాళ్లు. ఆ కేకకు వీధిలో కుక్కలు కూడా లేచి నిలబడేవి. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. ఇంట్లో చూసేవాళ్లు లేక ఆదివారాల్లోనూ, ఒంటిపూట బడులు పెట్టాక మధ్యాహ్నాల్లోనూ మా అమ్మ నన్ను కూడా చేలోకి తీసుకుపోయేది. నేను గట్టు మీద కూర్చుని, మిరప ఘాటుకు తుమ్ముకుంటూ, అందరి మాటలూ వింటూ ఉండేదాన్ని.

మా పక్కింటి అక్క అప్పుడు పదో తరగతి చదువుతోంది. లెక్కలంటే ఆ అక్కకు మంచినీళ్లు తాగినట్టే. మాస్టారు బోర్డు మీద లెక్క రాసి వెనక్కి తిరిగేలోపు జవాబు చెప్పేసేదని బడిలో అందరూ అనేవాళ్లు. సోషల్ దగ్గరికొచ్చేసరికి మాత్రం ఏమయ్యేదో! పేజీలకు పేజీలు బట్టీ పట్టేది, పొద్దున లేచేసరికి ఒక్క ముక్క మిగిలేది కాదు. అర్ధసంవత్సరం పరీక్షలో సోషల్ కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, ఇక ఏమీ తోచక, లేచి వచ్చేసింది. ఒక్క సబ్జెక్టు పోయినా పదో తరగతి పోయినట్టే కదా. లెక్కల్లో ఎన్ని మార్కులొస్తే ఏం లాభం?

అది చాలదన్నట్టు, సంక్రాంతి వెళ్లాక వాళ్లమ్మ కల్లం దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. వాళ్ల నాన్న పొగాకు కాల్చే బేరన్ల దగ్గర పనికని సింగరాయకొండ వైపు వెళ్లి, కాలం అయిపోతేగాని రాడు. ముఠాలో ఇంటికొక చోటు ఉండేది. ఆ చోటు ఖాళీ పెడితే వేరేవాళ్లు వచ్చి చేరిపోతారు. తల్లి చోట్లో అక్క వచ్చి నిలబడింది. ప్రత్యేక తరగతులు మానేసింది. లెక్కల మాస్టారు ఇంటికొచ్చి బతిమాలినా, ఎటూ సోషల్లో తప్పుతాను సార్, ఇంట్లో గడవనివ్వండి అందట. పరీక్షకే వెళ్లనని తేల్చి చెప్పేసింది. ఆ మాట అన్నప్పుడు అక్క ఏడవలేదని, అది చూసే తనకు భయమేసిందని మా అమ్మ చాలాకాలం తర్వాత నాతో చెప్పింది.

మా నాయనమ్మ జాలి మాట ఒక్కటి అనలేదు. పైగా, చదువుకునే పిల్లవి కదా అని నీకో ఎక్కువ కాయ కోసిపెట్టేవాళ్లు ఇక్కడెవరూ లేరు అని అందరి ముందూ గదమాయించింది. నాకు ఒళ్లు మండింది. కానీ మా ముఠాలో ఒక అలవాటు ఉండేది. కథ చెప్పే మనిషి సాలును అటూ ఇటూ సాళ్లలో ఉన్నవాళ్లు చేతులు చాపి కోసిపెట్టాలి. ఊరికే వంగి కోస్తుంటే నడుము నొప్పే గుర్తొస్తుంది, కథ వింటుంటే పొద్దు తెలియదు. అందుకని కథ చెప్పడం కూడా పనికిందే లెక్క. అంతకుముందు కథలు చెప్పే ముసలావిడ కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. ఆ ఏడు ఆ పని నీదేనని నాయనమ్మ అక్కతో అంది. నాకు కథలు రావు మామ్మా అని అక్క గొణిగింది.

"నీ బడి పుస్తకాల్లో రాజులు లేరా, యుద్ధాలు లేవా? అవే చెప్పు. మాకు ఏదైతే ఏం, పొద్దుపోవాల."

మొదటిరోజు ఆ కథ సంగతి చెప్పక్కర్లేదు. అక్క ప్రపంచ యుద్ధం గురించి పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పబోయింది. రెండు వాక్యాలకే ఆగిపోయింది. ఆడవాళ్లు ఆవలించారు. ఇదేం కథ తల్లీ, సినిమా కథ చెప్పు అని ఒకామె వేళాకోళం చేసింది. ముందు ఎవడు ఎవణ్ణి కొట్టాడో అది తేల్చమని నాయనమ్మ కేకేసింది. కారులో వెళ్తున్న ఒక యువరాజును, అతని భార్యను ఎవడో కాల్చి చంపాడని అక్క చెప్పింది. అప్పుడందరూ తలలెత్తారు.

మా ముఠాలో పరుపులు కుట్టే సాయిబు గారి భార్య ఉండేది. మేమంతా పిన్ని అని పిలిచేవాళ్లం. బడి గడప తొక్కని మనిషి. వినడమంటే మాత్రం ఆవిడలా వినాలి. ఎవరో ఒక యువరాజు పోతే అన్ని దేశాలు ఎందుకు కొట్టుకోవాలని పిన్ని అడిగింది. అక్క మర్నాడు పుస్తకం చూసుకుని వచ్చి, నా పక్క సాలులో నువ్వున్నావు పిన్నీ, నా మీదికెవరైనా వస్తే నువ్వు ఊరుకుంటావా, అలాగే వాళ్లు ముందే జట్లు కట్టుకున్నారు అని చెప్పింది. పిన్ని తల పంకించి, అయితే ఇది మన వీధి కుళాయి దగ్గర గొడవేగా అంది. అందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులో అక్క కూడా ఉంది. చాలా రోజుల తర్వాత నవ్వడం అది.

ఆ రోజు నుంచి పాఠం దారిన పడింది. మన పత్తి ఓడెక్కి వెళ్లి, మరల్లో గుడ్డై, మనకే తిరిగొచ్చిన సంగతి చెప్పినప్పుడు ఆడవాళ్లు పని ఆపేసి తెల్లవాళ్లను తిట్టిన తిట్లు నేను ఇక్కడ రాయలేను. వాళ్లు ఎందుకని అడుగుతారు, అక్క వెళ్లి వెతుక్కొస్తుంది. లెక్కలో ఒక మెట్టు మీద నుంచి ఇంకో మెట్టుకు వెళ్లినట్టు, ఇది జరిగింది కాబట్టి అది జరిగింది అని చెప్పుకుంటూ పోయేది. బట్టీ పట్టడం మానేసింది.

అన్నీ బాగానే ఉన్నాయి, మా నాయనమ్మతోనే తంటా. కొత్త పాఠం మొదలుపెట్టబోయేసరికి, నిన్నటిదేదో చెప్పావే, నాకు గుర్తులేదు, మళ్లీ చెప్పు అనేది. మళ్లీ చెబితే సగంలో, ఆ గడ్డమోడు, అదే రష్యా రాజు, ఎవరి పక్షం అని అడిగేది. వారం కిందటిది అడిగేది. అందరికీ అర్థమైనది మా నాయనమ్మకే ఎందుకు అర్థం కాదు? మిగతావాళ్లు ముసిముసిగా నవ్వుతుంటే నాకు తలకొట్టేసినట్టు ఉండేది. అక్క మాత్రం ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఓపిగ్గా మొదటి నుంచీ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఇంకాస్త ధారాళంగా చెప్పేది.

ఒక సాయంత్రం నాయనమ్మ కాయలు బస్తాలకెత్తిన చేతుల మంట తగ్గడానికి మజ్జిగ రాసుకుంటుంటే నేను పట్టలేక అడిగేశాను. రోజూ అలా మర్చిపోతే నలుగురూ నవ్వరా, పోనీ గుంటూరు వెళ్లి బ్రాడీపేటలో డాక్టరుకు చూపించుకోరాదా అన్నాను. నాయనమ్మ పక్కింటి వైపు ఒకసారి తొంగి చూసింది. తర్వాత గొంతు తగ్గించి యువరాజు కారు దగ్గర మొదలుపెట్టి, ఎవరు ఎవరి పక్షమో, ఎవరు మధ్యలో జట్టు మార్చారో, చివరికి ఓడినవాళ్ల మెడలు వంచి ఏమేం ఒప్పించారో, ఎక్కడా తడుముకోకుండా చెప్పింది.

"నేను మర్చిపోకపోతే అది మళ్లీ ఎందుకు చెప్పిద్దే? బయట కూశావంటే నాలిక కోస్తా."

అంత గొంతున్న మనిషి, అందరి చేతా తెలివితక్కువదనిపించుకోవడానికి ఎలా ఒప్పుకుందో నాకు అప్పుడు సరిగా అర్థం కాలేదు. గర్వం మాత్రం కలిగింది. ఆ రాత్రి ఆవిడ పక్కలోనే పడుకున్నాను.

పరీక్షలు వచ్చాయి. వెళ్లనని తేల్చి చెప్పిన అక్కే, రాసి చూస్తానంది. సెంటరు గుంటూరులో పడింది. దూది తెచ్చుకోవడానికి వెళ్లే పిన్ని వాళ్ల సాయిబు గారే అక్కను మోపెడ్ మీద దింపేవారు. పరీక్ష ఉన్న పూట అక్క సాలు అందరూ తలా కాస్త కోసేసేవాళ్లు. చివరిది సోషల్. సరిగ్గా ఆ ముందురోజు ఆకాశం మూసుకొచ్చింది. వాన పడితే కాయ రంగు పోయి తాలు అవుతుంది, ఏడాది కష్టం పోతుంది. చేను గల రైతు వచ్చి, రేపు ఒక్క మనిషి తగ్గినా ఒప్పుకోను, పక్క ఊరి ముఠాను పిలుచుకుంటానని చెప్పి వెళ్లాడు. ఆయన భయం ఆయనది.

మర్నాడు అక్క పరీక్ష అట్ట లేకుండా, నడుముకు కాయ కోసే గుడ్డ కట్టుకుని ట్రాక్టరు దగ్గరికి వచ్చింది. తన ఒక్కదాని మూలంగా అందరి పనీ పోకూడదని అక్క ఆలోచన. మా నాయనమ్మ ట్రాక్టరు దిగి వెళ్లి, అక్క నడుముకున్న గుడ్డ విప్పి, తన నడుముకు కట్టుకుంది. మేస్త్రి సాలులోకి దిగదు, వెనక నిలబడి పని చూస్తుంది. అందునా ఆవిడకు నడుము నొప్పి.

"మీ ఇంట్లో విరిగిన కాలు ఒకటి చాలు. ట్రాక్టరెక్కావంటే నీదీ ఇరగ్గొడతా. రైతు అడిగింది మనుషుల లెక్క, అది నేను సరిచేస్తాలే. నువ్వు పో."

అక్క అక్కడే నిలబడిపోయింది. పిన్ని వాళ్ల సాయిబు గారు మోపెడ్ స్టార్ట్ చేసి హారన్ కొడుతూనే ఉన్నారు. చివరికి పరుగెత్తుకెళ్లి ఇంట్లోంచి అట్ట తెచ్చుకుంది.

ఆ పూట నాయనమ్మ అందరికన్నా వెనకబడింది. మధ్య మధ్యలో నడుము పట్టుకుని ఆకాశం వంక చూసి తిట్టేది. వాన మాత్రం పడలేదు. అన్నాలు తిని మళ్లీ సాళ్లలోకి దిగుతుంటే, అక్క ఇంటికైనా వెళ్లకుండా ఎండలో నేరుగా చేలోకి వచ్చింది. చేతిలో ప్రశ్నపత్రం. ఎలా రాశావని ఎవరూ అడగలేదు. ఒక్కో ప్రశ్నా చదవమన్నారు.

అక్క గట్టు మీద నిలబడి చదవడం మొదలుపెట్టింది. ఒక ప్రశ్న చదవగానే ఆ సాలులోంచి ఒకరు, ఈ సాలులోంచి ఒకరు జవాబు చెప్పసాగారు. ఒకరు చెప్పింది తప్పని ఇంకొకరు కలియబడ్డారు. యుద్ధానికి కారణాలు రాయమన్న ప్రశ్న రాగానే మా నాయనమ్మ ఉండబట్టలేకపోయింది. నడుము నిటారుగా చేసి మొత్తం జవాబు గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. చెప్పాకగాని ఏం చేసిందో ఆవిడకు తెలియలేదు. అక్క చేతిలో కాగితం కిందికి దిగింది.

"మామ్మా... నీకు గుర్తుందా?"

కాయ కొయ్యండే, పొద్దు పోతోంది అని నాయనమ్మ వంగిపోయింది. అక్క గట్టు మీదే కూర్చుండిపోయి, మోకాళ్లలో తల పెట్టుకుని ఏడ్చింది. ఇన్నాళ్లూ ఏడవని ఏడుపంతా అప్పుడే ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

కాసేపటికి పిన్ని నెమ్మదిగా అడిగింది.

"అమ్మాయ్, ఇందులో చానా మటుకు నాకూ తెలిసినవే. అయితే నేనూ పది పాసైనట్టేనా?"

అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు. పిన్ని కూడా నవ్వింది. నవ్వుతూనే మొహం పక్కకు తిప్పుకుని, మిరపకాయ చేతులు కళ్లకు తగలకుండా భుజంతో కళ్లు తుడుచుకుంది. అది చూశాక ఒక్కొక్కరి నవ్వూ ఆగిపోయింది. అక్క లేచి వెళ్లి ఆవిడ సాలులో ఆవిడ పక్కనే వంగి, పాసయ్యావు పిన్నీ అంది. ఇద్దరూ కలిసి కాయ కోసుకుంటూ పోయారు.

పేపర్లో అక్క నంబరు వచ్చింది. తర్వాత గుంటూరులో ఇంటరు, ఆ పైన ఇంకా పెద్ద చదువులు చదివింది. ఇవాళ లెక్కల లెక్చరరు. నాయనమ్మ పోయి చాలాకాలమైంది. నా పిల్లలు ఇప్పుడు అప్పటి నా వయసుకు వచ్చారు. వాళ్లు పాఠం చదువుకుంటున్నప్పుడు వంటగదిలోంచి నేనూ మతిమరుపు నటిస్తాను. మా నాయనమ్మంత బాగా నటించలేను, దొరికిపోతాను. ఇంకొకటి కూడా ఆ రోజు నుంచి నాతోనే ఉండిపోయింది. ఎంతవరకు చదువుకున్నావని నేను ఇప్పటికీ ఎవరినీ అడగలేను. అడగబోతే పిన్ని భుజంతో కళ్లు తుడుచుకుంటూ కనబడుతుంది.