భీముడి మధ్యాహ్నపు ముద్దలు

నిన్న మధ్యాహ్నం పొయ్యి మీద జొన్న సంగటి అడుగంటింది. ఆ మాడు వాసనకు నేను గరిటె వదిలేసి వెనక్కి తిరిగి చూశాను. ఎమ్మిగనూరులోని ఈ ఇంట్లో ఒంటరిగా ఉంటున్నాను, వెనక ఎవరూ ఉండరని తెలుసు. అయినా సంగటి మాడితే ఈ వయసులోనూ నా మెడ తిరుగుతుంది. నాకు లెక్క నేర్పిన మనిషి ఇంట్లో, ఒక ఏప్రిల్ నెలలో, ఆ వాసన వస్తుండగానే నేను అది చూశాను.

ఆమె పేరు లింగమ్మ, నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. 1977లో టీచరు ఉద్యోగానికి ఆదోని వచ్చి వాళ్లింటి ముందుగది అద్దెకు తీసుకున్నాను. నాకప్పుడు ఇరవై ఆరు, ఆమెకు యాభై దాటాయి. ఇంట్లోనే జొన్నరొట్టెలు చేసి అమ్మేది. పిండిముద్దను తక్కెడలో వేయగా నేనెన్నడూ చూడలేదు గాని, ఒకసారి పరీక్షించాలని పది ముద్దలు తూచాను. పదీ సమానం. నేను అప్పట్లో అన్నీ ఉజ్జాయింపుగా చేసేదాన్ని. "శానా అంటే ఎంత పాపా? నోటితో సెప్పొద్దు, రాసి సూపీ" అనేది. నా మొదటి నోటుపుస్తకం ఆమె కొనిచ్చిందే.

భర్త వీరన్నను పెదనాయనా అనేదాన్ని. పత్తి మండీలో కాటా తూచేవాడు. ఎడమచేతివాటం మనిషి. అన్నం కూడా ఎడమచేత్తోనే తినేవాడు, ఎవరేమన్నా నవ్వేవాడు. మండీలో దొరికిన కుక్కపిల్లను తెచ్చి భీముడని పేరు పెట్టాడు. అది దూడంత అయింది. దాని ఆకలికి హద్దు లేదు. రొట్టెలు, మామిడి టెంకలు, ఒకసారి పేలాల పిండి సంచితో సహా. పీట మీద కూర్చుని వీరన్న తన కంచంలోని ముద్దలు దానికి ఒక్కొక్కటే అందించేవాడు. 1978 అక్టోబరులో ఆయన పోయాడు. పీట ఉన్న గదిని లింగమ్మ ఊడ్చి, తలుపు దగ్గరగా వేసి ఉంచేది.

ఆ తర్వాత భీముడు దొరికినదంతా తింటూ కదలలేని స్థితికి వచ్చాడు. పశువుల డాక్టరు దాని గుండె మీద చెయ్యి వేసి చూసి, పది కిలోలు తగ్గకపోతే ఇది ఈ ఏడాది దాటదన్నాడు.  ఇంటికొచ్చాక లింగమ్మ, "ఆయప్ప వదిలిపెట్టిపోయింది ఇదొక్కటే పాపా. దీన్ని గూడా పోనిస్తానా?" అంది.

తిండి ఆమె చేతిలో, పుస్తకం నా చేతిలో. పొద్దున రెండు ముద్దలు, సాయంత్రం రెండు, ముద్ద మూడు వందల గ్రాములు. ప్రతి శుక్రవారం వీరన్న పనిచేసిన మండీలోనే గోనెపట్టాలో కూర్చోబెట్టి తూచేవాళ్లం. గోనె బరువు తీసేసి, మార్చి 2న యాభై నాలుగు కిలోలు. మార్చి 30న యాభై. ఆ తర్వాత ముల్లు మళ్లీ పైకి జరిగింది. ఏప్రిల్ 6న యాభై ఒకటి, 13న యాభై రెండు, 20న యాభై మూడు.

నా అనుమానం ఎదురింటి టైలరు ఖాసింసాబు మీదికి పోయింది. పగలు భీముడు పడుకునేది ఆయన అరుగు మీదే. నిలదీశాను.

"అల్లా మీద ఒట్టు టీచరమ్మా! దాన్ని మేపేంత సంపాదన నాకుంటే ముందు నేను తిననా? సూడు, నా బొక్కలు లెక్కపెట్టుకో" అని చొక్కా ఎత్తి పక్కటెముకలు చూపించాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక మాట సెప్తా, బయపడొద్దు. ఎండపొద్దు ఒంటిగంటకు అది నా అరుగు దిగి మీ ఇంట్లోకి పోతాది. ఎవురో పిల్సినట్ల. తోక ఊపుకుంట."

ఈ మాట చెప్పినా లింగమ్మ పిండి పిసుకుతూనే ఉంది. అప్పుడు గమనించాను, ఆమె రవికె భుజాల మీది నుంచి జారుతోంది. "పదకొండోనాడు పిండి పరిస్తిమి గదా, అడుగు పడలే. ఇప్పుడు పరుద్దాం" అంది. పోయినవాళ్లు వచ్చి వెళ్తే అడుగు తెలియాలని మా వైపు నేలమీద పిండి చల్లుతారు.

వేసవి సెలవులిచ్చిన మరునాడు, ఏప్రిల్ 24, మంగళవారం. పన్నెండింటికి పీట చుట్టూ జొన్నపిండి చల్లాం. లింగమ్మ తన మూడు సంగటి ముద్దలు కంచంలో పెట్టుకుని, "కాసేపు నడుం వాల్చి తింటా" అని వంటింటి గడప దగ్గర పడుకుంది. ఎండలు ముదిరినప్పటి నుంచి ఆమెకది అలవాటు. నేను ముందుగదిలో కూర్చున్నాను. వీధిలో మనిషి అలికిడి లేదు. ఒంటిగంటకు భీముడు తోక ఊపుకుంటూ నా ముందు నుంచే లోపలికి పోయాడు. పొయ్యి మీది గిన్నెలో మిగిలిన సంగటి మాడుతోంది. లేచి దించుదామనుకుంటుండగా నమిలే చప్పుడు వినిపించింది. ముద్దకూ ముద్దకూ మధ్య కొంత ఎడం.

పీట ఉన్న గది తలుపు సందులోంచి చూశాను. పీట మీద లింగమ్మ, ఒక మోకాలు పైకి పెట్టి, వీరన్న కూర్చున్నట్టే కూర్చుంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. ముద్దను ఎడమచేత్తో అందిస్తోంది. "తినురా బీమా, నిదానంగా తినురా" అంటోంది. గొంతు ఆమెదే. ఆ మాట తీరు ఆమెది కాదు. మూడో ముద్ద అయ్యాక చెయ్యి పంచెకు తుడుచుకున్నట్టు తొడకు రాసుకుని, నా పక్కనుంచే, నన్ను చూడకుండా పోయి గడప దగ్గర పడుకుంది.

అరగంటకు లేచి ఖాళీ కంచం కడిగింది. తను తిన్నాననే అనుకుంది. తర్వాత గదిలోకి తొంగి చూసి కేక పెట్టింది.

"పాపా! మనిషి అడుగులే! వచ్చినాడు పాపా, వచ్చినాడు!"

ఆ ముఖంలో అంత వెలుగు ఆరు నెలలుగా చూడలేదు. ఆమె అరికాళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ వెలుగును ఆర్పబుద్ధి కాలేదు. అబద్ధం రాయడం కూడా నాకు చేతకాలేదు. ఆ సాయంత్రం పుస్తకంలో మధ్యాహ్నానికి ఒక గడి గీసి, తొమ్మిది వందల గ్రాములు అని రాసి ఆమె ముందు పెట్టాను.

"ఇదెవరిది?"

"పెదనాయనది."

"ఎన్ని పెడ్తాండాడు?"

"మూడు. నీ కంచంలోవి, పెద్దమ్మా."

ఆమె పుస్తకం అందుకుంది. ఎడమచేతి గోళ్లలో ఎండిన సంగటి కనిపించింది కాబోలు, వేళ్లు ముడుచుకుంది. కొంగుతో అరికాళ్లు తుడుచుకుంది, ఒకటి తర్వాత ఒకటి, మెల్లగా.

"ఇంగ ఒక్కటే పెట్టమని సెప్పు పాపా. నేను సెప్తే ఇనడు ఆయప్ప."

మరునాడు ఒంటిగంటకు ఆ గది తలుపు దగ్గర నిలబడ్డాను.  మొదటి ముద్ద భీముడు తిన్నాడు. ఎడమచెయ్యి రెండోది ఎత్తింది. "పెదనాయనా, ఒక్కటే" అన్నాను. చెయ్యి గాలిలో ఆగింది. భీముడు నోరు తెరిచి ఎదురుచూస్తున్నాడు. సగం మూసిన కళ్లు అలాగే ఉండగా, చాలాసేపటికి, ఆ చెయ్యి వెనక్కి మళ్లి ముద్దను లింగమ్మ నోటికే పెట్టింది. మూడోదీ అంతే.

సాయంత్రం ముద్దల్లో ఒకటి తీసేశాం. ఆగస్టు 31న భీముడు నలభై నాలుగు కిలోలు తూగాడు. ఇంకా అయిదేళ్లు బతికాడు. వానలు పడి చల్లబడ్డాక ఆ మధ్యాహ్నపు కూర్చోవడం ఆగిపోయింది. 

తర్వాత నా బడిలో, నా ఇంట్లో తూకాలు తప్పినప్పుడల్లా నేను వెంటనే ఎవరినీ నిలదీయలేదు. అక్కడ ఎవరు ఆకలితో ఉన్నారో ముందు చూసుకున్నాను. నా మాట విని ఆ చేతిని ఆపింది ఎవరో మాత్రం ఇప్పటికీ నాకు తెలియదు. అది లింగమ్మే అని రాయడానికి చాలాసార్లు కలం తీశాను. ముద్ద వెనక్కి మళ్లిన ఆ క్షణంలో, గదిలో మగమనిషి గొంతు ఒకటి నెమ్మదిగా నవ్వింది. అది నేను విన్నాను. భీముడూ విన్నాడు, తోక ఊపాడు.