అంతా దుమ్మే

ఉరవకొండ బస్టాండు పక్కన డీటీపీ సెంటరు నడిపే తిప్పేష్ దృష్టిలో, కంప్యూటర్‌కు ఏ రోగమొచ్చినా కారణం దుమ్మే. వెంటనే డబ్బా విప్పి, కళ్లు చిట్లించి, సైకిల్ పంపుతో గాలి కొడతాడు. విండోస్ కొత్తగా ఎక్కించిన మర్నాడు, ఆదెన్న కొడుకు పెళ్లిపత్రిక ఉన్న ఫోల్డర్ తెరుచుకోలేదు. తెరవడానికి అనుమతి లేదంది కంప్యూటర్. తిప్పేష్ చెమటలు కారేదాకా పంపు కొట్టాడు.

"ఏమప్పా, ముహూర్తం దగ్గరపడతాండాది, పత్రిక యాడ?" అన్నాడు ఆదెన్న.

ఎదురంగడివాడు డిజైన్లు కాజేస్తాడని ఆ ఫోల్డర్‌కు తాళం వేసుకున్నది తానేనని, కొత్త విండోస్ తననే పరాయివాణ్ని చేసిందని తిప్పేష్‌కు అప్పుడు తట్టింది. ఆదెన్నను టీకి పంపి, ఫోల్డర్ యజమానిగా మళ్లీ తన పేరు ఎక్కించాడు. పత్రిక తెరుచుకుంది. ఆదెన్న టీ తాగి తిరిగి రావడం చూసి, వెంటనే పంపు చేతికి తీసుకున్నాడు.

"చూసినావా అన్నా, ఎంత దుమ్ముండాదో!"

"అయితే ఆ పంపు ఒక పూట ఇయ్యప్పా. మా టీవీలో గూడా బొమ్మ పడడంల్యా."