జట్కాలోంచి కొన్న డోలక్

డోన్‌లో మా ఆయన గూడ్సు షెడ్డు గుమాస్తా. నేను బడికి పోయింది మూడో తరగతి దాకానే. ఆ తరువాత చదువంతా లైబ్రరీ పుస్తకాలతోనే సాగింది. లైబ్రరీలో సభ్యుడు ఆయన, చదివేది నేను. లావు లావు పుస్తకాలు తీసుకుపోతున్నాడని అక్కడివాళ్లు ఆయన్ని పండితుడి కింద లెక్కగట్టి కుర్చీ వేసేవాళ్లట. ఆ సంగతి చెప్పి ఆయన నవ్వుతుంటే, గంజి వారుస్తూ నేను లోలోపల పొంగిపోయేదాన్ని.

మా ఇంట్లో ఒక హార్మోనియం ఉండేది. ఎక్కడో నాటకాల కంపెనీ మూతపడినప్పుడు ఆయన తెచ్చుకున్నాడు. సాయంత్రాలు ఆయన వాయిస్తే నేను పాడేదాన్ని. తాళానికి మాత్రం జొన్నల డబ్బా మూతే గతి. పక్కింటి సాయిబుల ఇంట్లో పెండ్లి వస్తే ఆడవాళ్లంతా చేరి డోలక్ ముందు పెట్టుకుని పాడేవాళ్లు. గోడకు ఇవతల కూర్చుని ఆ దెబ్బలు విని, మూత మీద కొట్టడం నేర్చుకున్నాను.

"మనిండ్లల్లో ఆడది తోలు వాయిద్యం ముట్టేది యాడన్నా ఉండాదా?" అనేది మా అత్త. "డబ్బానే కొట్టుకో. ఎవరన్నా అడిగితే జొన్నలు కొలుస్తాండాదని చెప్తా."

అయినా సాయంత్రమయ్యేసరికి పాటకు అందరికన్నా ముందు చాప పరిచేది ఆమే.

నాకొక నిజమైన వాయిద్యం కొనిపెడతానని ఆయన అన్నప్పుడు, ఏది కావాలో పుస్తకాలు చూసి నేనే తేల్చాను. మృదంగానికి వాయించబోయే ప్రతిసారీ ఎడమ పక్క రవ్వ తడిపి ముద్దగా అంటించాలి. మా అత్తను రవ్వ అడిగి తోలుకు పూసే ధైర్యం నాకు లేదు. తబలా అంటే రెండు, వాటికింద దిండ్లు, సుత్తి, పెద్ద సంసారం. డోలక్ అయితే ఒక్కటే. తాళ్లకున్న రింగులు జరిపితే బిగుస్తుంది, వదులవుతుంది. ఇదంతా వివరంగా చెబితే ఆయన "నువ్వు మాట్లాడుతాంటే కచేరీలు చేసి వచ్చినట్టుండాది" అన్నాడు. డోలక్ అంటే ఏమిటో నాకు పూర్తిగా తెలుసనే అనుకున్నాను. చేత్తో తాకింది లేదు.

ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయిన కొత్త రోజులవి. రైలు దిగి జట్కా ఎక్కాం. బురుజు దాటాక ఒక సందులో డోలక్‌లు చేసి అమ్మే సాయిబు అంగడి. ఆడవాళ్లు అంగడి మెట్టెక్కడం మా వాళ్లలో లేదు. చీరలైనా సరే జట్కా దగ్గరికే తెచ్చి చూపించేవాళ్లు. అందుకని దారిలోనే అనుకున్నాం: ఆయన లోపల కొట్టి చూస్తాడు, నేను పరదా వెనక కూర్చుని వింటాను, నచ్చితే గాజులు గలగలలాడిస్తాను.

గుర్రం సంగతి ఇద్దరమూ మరిచాం. ఈగ వాలినప్పుడల్లా అది తల విదిలించేది. మెడలో మువ్వలు మోగేవి. మా ఆయన ఒక దెబ్బ కొట్టడం, మువ్వలు వినగానే నాకు నచ్చిందనుకుని "ఇదేనా?" అన్నట్టు బండి వైపు చూడడం. ఇట్లా కొంతసేపు జరిగాక సాయిబు అడిగాడు:

"ఏమప్పా, డోలక్ నీకా, గుర్రానికా?"

సందంతా నవ్వింది. జట్కావాడు కూడా నవ్వాడు. సాయిబుకు విషయం అర్థమైంది. మా ఆయన కొడుతున్న డోలక్ తీసి చంకన పెట్టుకుని నేరుగా బండి దగ్గరికి వచ్చి, పరదా పక్కకు జరిపి, "కొట్టేది మీరైతే మీరే చూసుకోండమ్మా" అని నా ఒళ్లో పెట్టాడు.

ఎదుట ఎన్ని ముఖాలో! సోడాలమ్మేవాడు, టోపీ పెట్టుకున్న ఆఫీసు బంట్రోతులు, సైకిలు ఆపి నిలబడ్డవాళ్లు. చెవులు కాలిపోయాయి. చెయ్యి ఎత్తలేకపోయాను. "ఇదే చాలు, పోదాం పదండి" అని పరదా లాగేసుకున్నాను.

ఇంటికి వచ్చి కొడితే అది పలకలేదు. మా ఆయన అరచేత్తో తడితే గుమ్మని నిండుగా మోగేది. నేను కొడితే అట్టపెట్టె మీద తట్టినట్టు ఒక చప్పుడు. పుస్తకం తెరిచి తాళాలన్నీ మళ్లీ చదివాను. అందులో అంకెలున్నాయి, అక్షరాలున్నాయి. నా చెయ్యి గురించి ఒక్క ముక్క లేదు. ఇంత చదివి ఇదా నా సంగతి అని తల తీసేసినట్టయింది. ఎవరూ లేనప్పుడు కొట్టి చూసేదాన్ని, అలికిడి అయితే మూలకు తోసేదాన్ని. పాటకు మళ్లీ డబ్బా మూతే తీశాను. ఏమైందని ఆయన అడగలేదు. అడక్కపోవడం ఇంకా నామర్దాగా ఉండేది.

ఒకరోజు పక్కింటి సాయిబులామె చక్కెరకు వచ్చి, మూలనున్న డోలక్‌ను ఒళ్లోకి తీసుకుంది.

"అరే, ఇది మగోళ్లు ఎత్తుకునేది అక్కా! నీ చేతులు రెండు కొసలకూ యాడ అందుతాయి? ఎవరు ఏరినారు దీన్ని?"

"గుర్రం" అంది మా అత్త.

ఆయన మార్చుకొస్తానన్నాడు. కానీ ఆయన అరచేతితో ఎంచినందుకే కదా ఇట్లయింది. నేను పోయి కొట్టి చూడాలి, లేదా మూతతో సరిపెట్టుకోవాలి. ఆ మాట పైకి చెప్పలేక మజ్జిగ చిలుకుతూ కూర్చుంటే, అత్త ముడి బిగించుకుంటూ అంది:

"నేనూ వస్తా పా. నువ్వు ఒకదానివే పోయి అంగట్లో డోలు కొడితే సిగ్గులేనిదంటారు. నేనుంటే ముసల్ది చెప్పింటుందిలే అనుకుంటారు."

ఆ డోలక్ తీసుకుని ముగ్గురం మళ్లీ కర్నూలు పోయాం. ఈసారి నేను అంగడి మెట్టు ఎక్కాను. చెక్క బల్ల మీద కూర్చున్నాను. సాయిబు చిన్నా పెద్దా నాలుగైదు నా ముందు పెట్టాడు. జనం అప్పుడే మూగారు. మరీ మెల్లగా తాకానేమో, మొదటి దెబ్బకు చప్పుడే రాలేదు.

"గట్టిగా కొట్టమ్మా, మాకు వినపల్లేదు" అన్నాడొకడు.

"మీకు వినిపియ్యను రాలేదప్పా. సరుకు చూసుకుంటాంది" అంది మా అత్త.

రవిక వీపుకు అంటుకుపోయింది. తల వంచుకునే ఒక్కొక్కటీ కొట్టాను. నున్నగా మెరిసే పెద్దదాన్ని చూసి "అది తీసుకోమ్మా, దాని ముందర ఇంగ అన్నీ దండగ" అని నలుగురూ అన్నారు. దాని పక్కనే రంగు వెలిసిన చిన్నది ఉంది. దాన్ని మోకాలి కింద అదిమి, గోడ ఇవతల నేర్చుకున్న పెండ్లి దెబ్బ మొదట్నుంచీ చివరి దాకా కొట్టాను. ఎడమ చేతి కింద గుమ్మని పలికింది. నా చేతికి పలికింది.

"ఏమప్పా, ఏది కట్టేది?" అని సాయిబు మా ఆయన్ని అడిగాడు. పెద్దది అప్పటికే సాయిబు చేతిలో ఉంది. మా ఆయన నా వైపు చూశాడు. అత్త కూడా నా వైపే చూసింది.

"అది కాదు, ఇది" అన్నాను. జనం గోలలో సాయిబుకు వినపడలేదు. మళ్లీ అనాల్సి వచ్చింది, కొంచెం గట్టిగా.

సిగ్గు పోయిందని చెప్పను. డోలక్ పొట్టకు హత్తుకుని మెట్టు దిగుతున్నప్పుడు నాకు కనపడినవి కాళ్లు మాత్రమే. బూట్లు, తోలు చెప్పులు, దుమ్ము పట్టిన ఉత్త పాదాలు. అవి ఒక్కొక్కటీ పక్కకు జరిగి దారి ఇస్తుంటే, తల ఎత్తకుండానే నడిచి బండి ఎక్కాను.