గోడ దూకని మస్తాన్ బాబాయ్

సాయంత్రం స్టడీ అవర్ బెల్లు కొట్టగానే వాచ్‌మన్ హాస్టల్ గేటుకి గొలుసు చుడతాడు. ఇనుము మీద ఇనుము రాసుకునే ఆ చప్పుడు వెనకాలే నాకు ఎత్తిపోతల జలపాతం హోరు వినిపిస్తుంది. నరసరావుపేటలో ఒక ఇంటర్ కాలేజీ హాస్టల్‌కి వార్డెన్‌ని నేను. పిల్లలు దీన్ని జైలంటారు, తల్లిదండ్రులు రెసిడెన్షియల్ అంటారు. ఆ రెండు మాటలూ విన్నప్పుడల్లా మస్తాన్ బాబాయ్ గుర్తొస్తాడు.

మాచర్ల దగ్గర మా ఊళ్ళో ఆయనకు సైకిల్ షాపు ఉండేది. చుట్టరికం లేదు, వరస కలిపి పిలుచుకోవడమే. నాకు సైకిల్ నేర్పింది ఆయనే. సీటు పట్టుకుని వెనక పరిగెత్తేవాడు. తర్వాత ఎప్పుడు కుంటుతూ కనిపించినా, "నీ ఎనకాల ఉరికి ఉరికి నా మోకాళ్ళు పోయినయ్యిరా, మీ నాన్ననడిగి కొత్తవి ఇప్పించు" అనేవాడు.

ఎనభైల చివర్లో ఆయన పంచాయతీ వార్డు మెంబరయ్యాడు. మెంబర్లంతా చేతులెత్తి ఉపసర్పంచ్‌ని ఎన్నుకోవాలి. మా పెదనాన్న ఆ పదవికి నిలబడ్డాడు. ఎదుటివాళ్ళు లాక్కుపోకుండా తన వైపు మెంబర్లను ఎత్తిపోతల దగ్గర ఒక బంగళాలో పెట్టాడు. దాన్ని క్యాంపు అనేవాళ్ళం. కోడికూర, పేకముక్కలు, సిగరెట్లు, దేనికీ లోటు లేదు. బయటికి వెళ్ళడం మాత్రం కుదరదు. గేటు తాళంచెవి నా జేబులో ఉండేది. డిగ్రీ తప్పి ఊరికే తిరుగుతున్న నాకు అదే పెద్ద హోదా.

"ఇంత దూరం తోలుకొచ్చి నీళ్ళ చప్పుడు వినిపిస్తన్నారు, చూపించరేందిరా?" అన్నాడు బాబాయ్ మొదటిరోజే. "గొడ్లను పెడితే బందెలదొడ్డి. దొంగల్ని పెడితే ఠాణా. పెళ్ళోళ్ళని పెడితే విడిది. ఓటున్నోణ్ణి పెడితే క్యాంపా?"

"మర్యాద తక్కువయిందా బాబాయ్?" అన్నాను.

"మర్యాదకేం, చానా ఉంది. పేరు ఏదైనా పెట్టుకోండి. తాళం ఏ పక్కనుందో చూస్తే అదేందో తెలిసిపోద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎన్నిక రేపనగా పొద్దున పాలవ్యాను డ్రైవరు నన్ను పక్కకి పిలిచాడు. బాబాయ్ కూతురు జరీనాకు తొలికాన్పు కష్టంగా ఉందట, మాచర్ల ఆసుపత్రికి తీసుకెళ్ళారట, రక్తం కావాలంటున్నారట. పెదనాన్నకు చెప్పాను. "ఇది ఎదుటోళ్ళ ఎత్తురా. క్యాంపు పగలగొట్టడానికి బతికున్న తల్లిని చచ్చిపోయిందని కబురు పంపే రకం వాళ్ళు. నోరు మూసుకో" అని జీపెక్కి వెళ్ళిపోయాడు. ఆయన అన్నది పూర్తిగా అబద్ధం కాదు. మా ఊళ్ళో అలాంటి కబుర్లు అంతకుముందూ వచ్చాయి.

"పాలబ్బాయి ఏందో చెప్పి పోయినట్టుండాడే?" అన్నాడు బాబాయ్.

"రేపు పాలు ఆలస్యమంట" అన్నాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర, చిన్నప్పటి అలవాటు కొద్దీ, తన గిన్నెలోని కార్జం ముక్క తీసి నా విస్తట్లో వేశాడు. చెయ్యి కడుక్కోకుండానే విషయమంతా చెప్పేశాను.

ఆయన తిట్టలేదు. లేచి గేటు దాకా నడిచి నా వైపు చూశాడంతే. తాళం తీశాను. కుంటుకుంటూ రోడ్డెక్కి, లారీ ఆపి వెళ్ళిపోయాడు.

పెదనాన్న తిరిగొచ్చి "మస్తానేడిరా?" అని గర్జించాడు. "గోడ దూకాడు" అన్నాను. ఆలోచించి అన్నది కాదు, భయంతో నోట్లోంచి వచ్చేసింది.

మర్నాడు పంచాయతీ ఆఫీసుకు బాబాయ్ వస్తాడని ఎవరూ అనుకోలేదు. వచ్చాడు. మోచేతి మడతలో దూది అంటించిన చేతినే పెదనాన్న కోసం ఎత్తాడు. ఒక్క ఓటుతో మేం గెలిచాం. బయట నన్ను పక్కకి లాగి, "మగపిల్లాడురా. తల్లీ బిడ్డా బాగుండారు" అన్నాడు. తర్వాత కన్నుగీటి, "గోడ దూకానంటగా? ఎంత ఎత్తు దూకానురా?" అన్నాడు.

"పెదనాన్నతో చెప్పొద్దు బాబాయ్, ఇంట్లోంచి గెంటేస్తాడు."

"నేనెందుకు చెప్తా? అది నువ్వు చెప్పాల్సిన మాట."

నేను చెప్పలేదు. ఆయన చెయ్యెత్తింది మాకే అయినా, క్యాంపులోంచి పారిపోయాడన్న మాటే మిగిలి, 'గోడదూకుడు మస్తాన్' అన్న పేరు ఊళ్ళో స్థిరపడిపోయింది. మాట మీద నిలబడిన మనిషిని, నిలబడని వాడికి ఉదాహరణగా చెప్పుకున్నారు. తర్వాతి ఎన్నికల్లో ఆ పేరే ఆయన్ను ఓడించింది.

ఏళ్ళ తర్వాత, మంచాన పడ్డ పెదనాన్న దగ్గర నిజం బయటపెట్టాను. ఆయన నవ్వాడు. "నాకు ఆ రోజే తెలుసు లేరా. ఆ మోకాళ్ళతో వాడు గోడెక్కుతాడంట్రా? మా ఇంటి పిల్లోడే తాళం తీశాడంటే పరువేం గాను?"

అక్కణ్ణుంచి తిన్నగా సైకిల్ షాపుకి వెళ్ళి, అక్కడున్న పదిమంది ముందూ చెప్పేశాను. బాబాయ్ పంక్చరు వేస్తున్న ట్యూబు కింద పెట్టి, "చెడగొట్టావు గదరా! ఇన్నాళ్ళూ గోడలు దూకే వయసున్నోణ్ణని మురిసిపోతన్నా" అన్నాడు. షాపంతా నవ్వులు. నేను మాత్రం ఏడ్చాను. అంత తేలిగ్గా నేను ఎప్పుడూ ఊపిరి తీసుకోలేదు.

బాబాయ్ ఇప్పుడు లేడు. ఆనాటి పసివాడు నజీర్ ఆ షాపు నడుపుతున్నాడు. ఊళ్ళో కొందరు ఇంకా వాణ్ణి 'గోడదూకుడోళ్ళ మనవడు' అంటున్నారని ఈమధ్యే తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. మస్తాన్ బాబాయ్ గోడ దూకలేదు. తాళం తీసింది నేను.

మా హాస్టల్ గేటుకి రోజూ తాళం పడుతుంది, కాదనను. కానీ పిల్లల ఇళ్ళ నుంచి కబురొస్తే, అది నిజమో అబద్ధమో తేల్చే పని నేను పెట్టుకోను. ముందు పిల్లవాడికి చెబుతాను. తాళంచెవి అప్పటికే నా చేతిలో ఉంటుంది.